సునాబెడకు సునాదం ఎప్పుడు?

ఏటా వేసవి సెలవుల్లో విశాఖపట్నం, విజయనగరం, సాలూరు వైపు నుంచి మన సంఘాల యవనస్థులు బస్సు మాట్లాడుకుని కొండెక్కుతారు. సాలూరు ఘాట్, సుంకి, సెమిలిగుడ దాటి సునాబెడ చేరతారు. చల్లటి గాలి, చుట్టూ కొండలు, టౌన్‌షిప్‌లో నీటుగా వేసిన రోడ్లు. రెండు రోజులు వాక్యధ్యానం, ప్రార్థన, పాటలు. మూడో రోజు ఊళ్ళు చూడటం. ఎక్కడికి వెళ్దామని అడిగితే ఎక్కువ మంది చెప్పేది ఒకటే: "జయపురం రాజుగారి కోట చూపించండి పాస్టరుగారూ."

మేమూ చాలాసార్లు తీసుకెళ్ళాం. పాత గేటు ముందు ఫోటోలు దిగాం. వంశం ఎంత పాతదో, ఏ రాజు ఎంత దానం చేశాడో తెలిసినంత వరకు వివరించాం. సాయంత్రానికి సునాబెడ తిరిగొచ్చి, భోంచేసి, పడుకున్నాం. మేము పడుకున్న ఆ నేల మీద అంతకు ముందు ఎవరి ఇల్లు ఉండేదని ఒక్క యవనస్థుడూ అడగలేదు. అడగడం మేము నేర్పలేదు. ఈ మాటలు రాస్తున్నది మొదట మా తప్పు ఒప్పుకోవడానికే.

కోటకు చరిత్ర ఉంది

జయపురం రాజవంశం చిన్నదేమీ కాదు. 15వ శతాబ్దంలో వినాయకదేవ్‌తో నందపురంలో మొదలైందని వంశచరిత్రలు చెబుతాయి. ముప్పైరెండు మెట్ల సింహాసనం శిథిలాలు నందపురంలో ఇప్పటికీ చూపిస్తారు. 17వ శతాబ్దంలో వీరవిక్రమదేవ్ రాజధానిని జయపురానికి మార్చాడు. 1775లో ఈస్టిండియా కంపెనీ సైన్యం జయపురం కోటను కూలగొట్టింది. ఆ తరువాత రాజుకూ కంపెనీకీ సర్దుబాటు కుదిరింది. 1803లో శాశ్వత శిస్తు ఒప్పందం జరిగినప్పుడు ఏడాదికి 16,000 రూపాయలు పేష్కష్ కట్టే జమీందారీగా జయపురం స్థిరపడింది. దాదాపు పదివేల చదరపు మైళ్ళ కొండలకూ అడవులకూ ప్రభుత్వానికి కట్టవలసింది అంతే.

ఆ రోజుల్లో ఈ కొండలన్నీ మన విశాఖపట్నం జిల్లా ఏజెన్సీయే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు కొరాపుట్ జిల్లాగా అటు వెళ్ళింది. కాబట్టి ఇది పొరుగు రాష్ట్రం గొడవ, మనకెందుకు అని తప్పుకోవడం కుదరదు.

ఈ వంశంలో తెలుగువాళ్ళకు బాగా తెలిసిన పేరు విక్రమదేవ వర్మ. 1869లో పుట్టి, 1931లో గద్దెనెక్కి, 1951లో కన్నుమూశారు. ఒరియాలోనూ తెలుగులోనూ రచనలు చేసిన పండితుడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కడి సైన్స్, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. మన సంఘాల్లో ఎంతమంది డిగ్రీలు ఆ ప్రాంగణం నుంచి వచ్చాయో లెక్కలేదు. ఆ మేలు నిజం. దాన్ని మేము కాదనడం లేదు, ఆ పెద్దమనిషిని తప్పుపట్టడం లేదు.

మేము అడిగేది ఇంకొకటి. ఆ లక్ష రూపాయలు కోటలో పండలేదు కదా. ఎక్కడ పండాయి?

కొరాపుట్ కొండల్లో పరజాలు, గదబలు, కోందులు, భూమియాలు దున్నిన నేల మీద పండాయి. సంస్థానం చాలా చోట్ల గ్రామాల శిస్తు వసూలును ముస్తాదారులకు అప్పగించేది. కట్టవలసిన మొత్తం పైకి కట్టేస్తే, కింద ఎంత వసూలు చేశాడో అడిగే నాథుడు లేడు. శిస్తుకు తోడు వెట్టి. అధికారి ఊరికొస్తే మోతకు మనుషులు, తిండికి కోళ్ళు, బియ్యం ఊరివాళ్ళే ఇవ్వాలి. వెట్టికి తోడు గోతి. పెళ్ళికో తిండికో కొద్దిపాటి అప్పు తీసుకున్నవాడు ఆ అప్పు తీరేదాకా షావుకారు ఇంట్లో పనిచేయాలి. అది తీరదు. తండ్రి తరువాత కొడుకు. గోపీనాథ్ మహంతి 1945లో 'పరజా' నవల రాసింది ఈ గోతి బతుకు మీదే. ఆయన ఈ జిల్లాలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ దాన్ని కళ్ళారా చూశారు. ఒడిశాలో గోతిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1948లో.

ఈ షావుకార్లలో మన మైదానాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఏజెన్సీలో వడ్డీకీ భూమి అమ్మకాలకూ అడ్డుకట్ట వేస్తూ 1917లోనే బ్రిటిషు ప్రభుత్వం చట్టం చేయవలసి వచ్చిందంటే, కింది నుంచి వెళ్ళినవాళ్ళు ఎంత మింగారో ఊహించుకోవచ్చు. విశ్వవిద్యాలయం గోడ మీద దాత పేరు ఉండటం న్యాయమే. ఆ పేరు కింద పరజా రైతు పేరు, గదబ స్త్రీ పేరు ఎందుకు లేవు? దానం చేసింది రాజుగారే. కష్టపడింది మాత్రం వాళ్ళు.

అడిగినవాడికి ఏమైందో కూడా ఈ కొండలకు తెలుసు. తెంతులిగుమ్మకు చెందిన లక్ష్మణ నాయక్ స్వయంగా ముస్తాదారు కుటుంబంలో పుట్టిన భూమియా ఆదివాసీ. వెట్టికీ అక్రమ వసూళ్ళకీ ఎదురు తిరిగి కాంగ్రెసులో చేరాడు. 1942 ఆగస్టు 21న మత్తిలి పోలీసు స్టేషన్ దగ్గరికి జనాన్ని నడిపించాడు. పోలీసులు కాల్పులు జరిపారు. ఆనాడు చనిపోయిన ఒక ఫారెస్టు గార్డు హత్యానేరం ఆయన మీద మోపి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. మన యవనస్థుల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు?

రెండు ఇళ్ళు, రెండు న్యాయాలు

ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా చదవండి. మా వాదన అంతా ఇక్కడే ఉంది.

1951లో ఒడిశా ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. 1952లో జయపురం ఎస్టేటు ప్రభుత్వం చేతికి వెళ్ళింది. మంచి చట్టమే. అయితే ఆ చట్టం జమీందార్లను రోడ్డున పడేయలేదు. పోయిన రాబడికి నష్టపరిహారం లెక్కగట్టింది. వాళ్ళు నివసించే ఇళ్ళనూ, సొంత సాగులో ఉన్న భూములనూ వాళ్ళకే ఉంచింది. ఇల్లు అంటే రాళ్ళూ సున్నమూ మాత్రమే కాదని, అది ఒక కుటుంబపు గౌరవమని ఆ చట్టం గుర్తించింది. రాజుగారి విషయంలో గుర్తించింది.

పదేళ్ళు గడిచాయి. 1960లలో సునాబెడ పీఠభూమి మీద మిగ్-21 యుద్ధ విమానాల ఇంజన్లు తయారుచేసే హెచ్.ఏ.ఎల్. కర్మాగారం వచ్చింది. కర్మాగారానికీ టౌన్‌షిప్‌కీ భూమి కావాలి. అక్కడ ఊళ్ళున్నాయి. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. అది కాగితం అడుగుతుంది. పట్టా ఉన్నవాడికి అంతో ఇంతో డబ్బు. కొరాపుట్ ఆదివాసీ తరతరాలుగా పోడు చేసుకునే కొండవాలుకు పట్టా ఎక్కడిది? వాలు 10 డిగ్రీలు దాటితే ఆ నేల ప్రభుత్వానిదేనని రికార్డుల్లో రాసుకున్నారు. అంటే తాత నరికి, తండ్రి దున్ని, కొడుకు విత్తిన నేల మీద ఆ కుటుంబం కాగితాల్లో లేనే లేదు. పరిహారం దేనికిస్తారు?

దున్నని చేతులకు పరిహారం దక్కింది, ఇల్లు మిగిలింది. దున్నిన చేతులకు ఇల్లూ పోయింది, నేలా పోయింది. స్వతంత్ర భారతదేశంలో, ఒకే జిల్లాలో, పదిహేనేళ్ళ తేడాలో జరిగిన సంగతి ఇది. దీన్ని అభివృద్ధి అనండి, ఇంకేమన్నా అనండి, న్యాయం అని మాత్రం అనకండి.

చికాపర్ అనే ఊరు

ఆ ఊళ్ళలో ఒకదాని పేరు చికాపర్. గదబలు, పరజాలు, డోంబులు కలిసి బతికిన ఊరు. 1960ల చివర మిగ్ కర్మాగారం కోసం ఖాళీ చేయించారు. పిల్లల్ని, సామాన్లను మోసుకుని వెళ్ళి తమకున్న వేరే భూమిలో గుడిసెలు వేసుకుని, ఆ కొత్త చోటుకి కూడా చికాపర్ అనే పేరు పెట్టుకున్నారు. ఇల్లు పోయినా పేరు వదులుకోలేదు. 1980లలో ఎగువ కొలాబ్ పథకం, నౌకాదళ ఆయుధ డిపో వచ్చాయి. రెండోసారి లేచారు. 1990ల మొదట్లో మూడోసారి నోటీసులందాయి. పాలగుమ్మి సాయినాథ్ అనే తెలుగు జర్నలిస్టు వెళ్ళి, విని, రాసి, 1996లో తన పుస్తకంలో అచ్చు వేయకపోతే ఈ కథ బయటి లోకానికి తెలిసేదే కాదు.

వరద వచ్చి ఇల్లు పోతే దేవుని మీద భారం వేసి ఊరుకుంటాం. ఒకే ఊరిని ప్రభుత్వం మళ్ళీ మళ్ళీ లేపితే దాన్ని ఎవరి మీద వేయాలి? మొదటిసారి లేచినప్పుడు చంకలో ఉన్న బిడ్డ, మూడోసారి నోటీసు వచ్చేనాటికి తన బిడ్డను చంకనెత్తుకునే వయసుకొచ్చింది.

కోటలో వంశవృక్షం ఉంది. చికాపర్‌లో ఆ ఇంటి వంశవృక్షం ఎవరు గీశారు? వాళ్ళ పాత ఊరిలో ఏ చింతచెట్టు కింద పంచాయితీ జరిగేదో, పెద్దలను ఎక్కడ పాతిపెట్టారో, ఏ ఊటనీళ్ళు తాగేవారో ఎక్కడ రాసి ఉంది? ఆ ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. రాసుకోకపోతే ఇంకో పదేళ్ళకు అడగడానికి కూడా ఎవరూ ఉండరు.

నాబోతు తోట

ఈ మాటలు మాట్లాడినప్పుడల్లా మాకు మూడు జవాబులు వస్తాయి.

మొదటిది: "దేశ రక్షణకు ఫ్యాక్టరీ వద్దా?" వద్దని మేము అనలేదు. దేశం అందరిదైతే దాని రక్షణకు అయ్యే ఖర్చు కూడా అందరూ పంచుకోవాలి. గదబ ఒక్కడి నెత్తినే ఎందుకు వేశారు? దేశం కోసం ఇల్లు ఇచ్చినవాడిని సన్మానించి, అంతకంటే మంచి ఇల్లు కట్టించి, మొదటి ఉద్యోగం వాడి బిడ్డకు ఇవ్వాలి కదా. మళ్ళీ లేవమని నోటీసు ఇస్తారా?

రెండోది: "దాని వల్లే కదా మనవాళ్ళకు ఉద్యోగాలొచ్చాయి." అవును. తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ కర్మాగారంలో పనిచేసి పిల్లల్ని చదివించుకున్నాయి. ఆ జీతాల్లోంచి తీసిన దశమభాగాలతో మన మందిరాలు నడిచాయి. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి పథకం. ఆ జలాశయం కింద మునిగినవీ ఈ కొండల ఊళ్ళే. మన ఇళ్ళల్లో దీపాలు వెలిగాయి. అందుకే ఇది మన సమస్య అంటున్నాం. మేలు తిన్నవాడికి బాకీ ఉంటుంది.

మూడోది అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది: "పాస్టరుకు ఈ రాజకీయాలెందుకు? వాక్యం చెప్పుకోవచ్చు కదా." సరే, వాక్యమే చెబుతాం. మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం తెరవండి. రాజనగరు పక్కన ఒక సామాన్యుడి ద్రాక్షతోట. రాజు అహాబు దాన్ని కూరతోట చేసుకోవాలనుకున్నాడు. ఇక్కడ మనం తొందరగా చదివేసే మాట ఒకటుంది. అహాబు నాబోతును ముందు అడిగాడు. బదులుగా ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే డబ్బిస్తానన్నాడు. నాబోతు తన పిత్రార్జితం ఇవ్వనన్నాడు. రాజు ఇంటికెళ్ళి అలిగి పడుకున్నాడు.

గమనించారా? బైబిలులో దుర్మార్గుడైన రాజుగా పేరుపడ్డ అహాబు కూడా మొదట అడిగాడు, భూమికి భూమి ఇస్తానన్నాడు. చికాపర్‌ను ముందుగా ఎవరడిగారు? అంతకంటే మంచి భూమి ఎవరు చూపించారు? మన ప్రభుత్వాలు అహాబు మొదట నిలబడ్డ మెట్టు దాకా కూడా రాలేదు.

తరువాత యెజెబెలు చేసినదంతా పద్ధతి ప్రకారమే చేసింది. రాజముద్ర వేసిన ఉత్తరాలు, ఊరి పెద్దల సభ, ధర్మశాస్త్రం చెప్పినట్టు ఇద్దరు సాక్షులు, తీర్పు, శిక్ష. కాగితాల్లో ఒక్క లోపం లేదు. దేవుడు ఏలీయాను ఆ కాగితాల దగ్గరికి పంపలేదు. తోటలోకి పంపాడు, రాజు దాన్ని స్వాధీనం చేసుకుంటున్న ఆ క్షణాన, ఆ నేల మీద నిలబడి మాట్లాడమని. ప్రవక్త పని అదైతే సంఘం పని కూడా అదే. సునాబెడలో నిలబడి నాబోతు గురించి ప్రసంగించకుండా ఇంకెక్కడ ప్రసంగిస్తాం?

మనవైపు కూడా చూసుకుందాం. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి మిషనరీలు సాలూరుకూ కొరాపుట్‌కూ వచ్చారు. రాజు కోటలోకి అడుగుపెట్టనివ్వని డోంబులకు వాళ్ళు అక్షరాలు నేర్పారు, వైద్యం చేశారు. ఆ సేవకు మనం ఎప్పటికీ రుణపడి ఉంటాం. కానీ మన సంఘాల జూబిలీ సంచికలు తిరగేయండి. బంగళా ఎప్పుడు కట్టారు, ఏ దొరగారు ఎన్నేళ్ళున్నారు, ఏ దొరసాని ఏ బడి పెట్టింది అన్నీ ఉంటాయి. ఆ బంగళాకు రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు వెతకండి. దొరకవు. కోట చరిత్ర రాసినట్టే మనమూ మన చరిత్ర రాసుకున్నాం. మనల్ని మనం సరిదిద్దుకోకుండా ప్రభుత్వాన్ని నిలదీస్తే ఎవరూ వినరు, వినకూడదు కూడా.

కొండే మా ఇల్లు అన్నవాళ్ళు

ఇదంతా మారదని నిరాశపడేవాళ్ళకు పక్కనే ఉన్న రాయగడ జిల్లా చూపిస్తాం. 2000 డిసెంబరు 16న కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో బాక్సైటు ప్రాజెక్టును ఎదిరించిన ముగ్గురు ఆదివాసీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పదమూడేళ్ళ తరువాత అదే జిల్లాలో ఇంకో కథ జరిగింది. నియమగిరి కొండను బాక్సైటు కోసం తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. అడవి మధ్యలో, వానలో, జడ్జి ముందు నిలబడి డోంగ్రియా కోందు స్త్రీలూ పురుషులూ ఆ కొండ తమ ఇల్లని చెప్పారు. తవ్వకం ఆగింది.

ముందుగా అడిగితే ఏమవుతుందో నియమగిరి చూపించింది. సునాబెడలో అడగలేదు. తేడా అంతే. వాళ్ళ విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కానీ పిత్రార్జితం అనే మాటకు అర్థం నాబోతుకు తెలిసినట్టే వాళ్ళకూ తెలుసు. మనం దాన్ని ఆదివారం చదివి సోమవారం మర్చిపోతున్నాం.

ఏం చేద్దాం?

యువతీయువకులారా, కోట చూడొద్దని మేము చెప్పం. చూడండి. కానీ ఈసారి రిట్రీట్ మూడో రోజు రెండు ఇళ్ళు చూడండి. పొద్దున కోటకు వెళ్తే, మధ్యాహ్నం నిర్వాసితుల ఊరికి వెళ్ళండి. అక్కడ సెల్ఫీలొద్దు, పాత బట్టలు పంచడం వద్దు. చాప మీద కూర్చుని వినండి. స్థానిక సంఘంలో దేశియా భాష మాట్లాడేవాళ్ళను వెంటబెట్టుకోండి. ప్రతి ఇంటి పెద్దను అడిగి రాసుకోండి: పాత ఊరి పేరు, తాత పేరు, ఎంత నేల, ఏ పంట, ఎప్పుడు లేపారు, ఏమిచ్చారు. వాళ్ళ అనుమతితోనే రాయండి, రాసినదాని ప్రతి ఒకటి వాళ్ళ చేతిలోనే పెట్టండి.

ఆ రాత రేపు ఉపయోగపడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం నాలుగవ సెక్షన్ ఎనిమిదవ ఉపసెక్షన్ చదవండి. ప్రభుత్వ ప్రాజెక్టుల కోసం భూమికి భూమి ఇవ్వకుండా లేపేసిన అటవీవాసులకు, సేకరించిన అయిదేళ్ళలోగా ఆ భూమిని అనుకున్న పనికి వాడకపోతే, దాని మీద హక్కు ఉందని అది చెబుతుంది. న్యాయశాస్త్రం చదువుతున్న పిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. ఏ ఎకరాలు ఖాళీగా ఉన్నాయో సమాచార హక్కు కింద అడగడానికి ఒక దరఖాస్తు చాలు.

పెద్దలారా, మన మందిరం, మన బడి, మన క్వార్టర్సు ఏ ఊరి నేల మీద ఉన్నాయో సంఘకమిటీలో ఒకసారి చర్చ పెట్టండి. ఆ ఊరి పేరు మందిరం గోడ మీద రాయించండి. కానుకల్లో ఒక వంతు ఆ ఊరి పిల్లల చదువుకు పక్కన పెట్టండి. అది దానం కాదు, అద్దె బాకీ.

చివరిగా ఒక లెక్క. లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలకు సునాద సంవత్సరం నియమించాడు. యాభయ్యో ఏట దేశమంతటా కొమ్ము ఊదాలి. చేజారిన పిత్రార్జితానికి ప్రతివాడూ తిరిగి రావాలి. చికాపర్ మొదటిసారి లేచింది 1960ల చివర. యాభై ఏళ్ళు నిండాయి, దాటిపోయాయి కూడా. సునాబెడలో ఇన్ని మందిరాలున్నాయి, ఇన్ని మైకులున్నాయి. కొమ్ము మాత్రం ఎవరూ ఊదలేదు.

ఊదవలసింది మనమే.